‘ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెడితే అరగంటలో తేలిపోతుంది’ అన్న సందేశానికి ఖండన

కొన్ని వారాలుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతున్నది. రాసిందెవరో తెలియదు గాని నాకు నాలుగు చోట్ల నుంచి చేరింది. దాని సారం ఇది: సాయం పంచే సిబ్బంది మీద వచ్చే లైంగిక దోపిడీ ఆరోపణలు చాలావరకు జాబితాలో పేరు రానివాళ్లు కోపంతో చేసేవే, ఆడమనిషి తానే ఒప్పుకున్నాక అది దోపిడీ ఎట్లవుతుంది, నిజంగా జరిగివుంటే ఆ రోజే పోలీస్ స్టేషన్‌కు పోయేది, కమిటీల పేరుతో నెలలు సాగదీసే బదులు నలుగురు పెద్దమనుషుల ముందు ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెడితే అరగంటలో తేలిపోతుంది, పైగా ఇవి బయటికి పొక్కితే నిధులు ఆగిపోయి చివరికి నష్టపోయేది పేదలే. ఈ ప్రాంతంలోని రెండు మూడు సంస్థల్లో ఇట్లాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీల్లో కొన్నేళ్లుగా బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను కనుక, ఒక్కొక్క మాటకూ జవాబు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదట జాబితా సంగతి. సందేశం రాసినవారు ఇక్కడ అసలు విషయాన్ని తెలియకుండానే ఒప్పుకున్నారు. పేరు ఉండటం, పోవడం ఒక మనిషి చేతిలో ఉన్నదనీ, దానికోసం జనం అతని చుట్టూ తిరుగుతారనీ వారే అంటున్నారు. దోపిడీ పుట్టేది సరిగ్గా ఆ చోటనే. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్ ప్రాంతం మునిగినప్పుడు గానీ, 2020 లాక్‌డౌన్‌లో బియ్యం, పప్పు, నూనె సంచులు పంచినప్పుడు గానీ వరుసలో నిలబడినవారికి టోకెన్ అనే చిన్న కాగితం ముక్క విలువ ఏమిటో తెలుసు. దేవరకొండ వైపు ఒక తండాలో పంపిణీ లెక్కలు సరిచూడటానికి పోయినప్పుడు ఒకామె నాతో “సారు రాస్తే ఉంటం మేడం, కొట్టేస్తే పోతం” అన్నది. ఆమె అది ఫిర్యాదుగా చెప్పలేదు, ఎండ ఎక్కువున్నదన్నంత మామూలుగా చెప్పింది.

ఈ సంగతి ప్రపంచానికి పెద్దయెత్తున తెలిసింది 2002లో. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల శరణార్థుల మధ్య ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, సేవ్ ది చిల్డ్రన్ యూకే కలిసి జరిపిన అధ్యయనంలో, తిండిగింజలకూ నూనెకూ టార్పాలిన్లకూ బదులుగా సహాయ సిబ్బంది ఆడపిల్లలను వాడుకుంటున్నారన్న ఆరోపణలు బయటపడ్డాయి. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి దర్యాప్తు విభాగం వాటిని పరిశీలించి, అధ్యయనంలో చెప్పిన కేసులను నిర్ధారించలేకపోయిందన్నది నిజమే. అయితే అదే విభాగం స్వయంగా వెతికి పట్టుకున్న కేసుల్లో కొన్నిటిని నిర్ధారించింది. మొదటి సగం చెప్పి రెండో సగం మింగేయడం తగదు. నిర్ధారణ కాకపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన మన చట్టం కూడా సెక్షన్ 14లో ఈ తేడానే పాటించింది: కావాలని దురుద్దేశంతో చేసిన ఫిర్యాదు మీద చర్య ఉంటుంది గాని, రుజువు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినామెను శిక్షించనక్కరలేదు. అబద్ధపు ఫిర్యాదులు అసలే ఉండవని నేను అనను. నా ముందుకు వచ్చినవాటిలో ఒకటి అట్లాంటిదే, అది అబద్ధమని తేలింది కూడా పద్ధతిగా విచారణ జరిగినందువల్లనే.

‘ఆమె ఒప్పుకున్నది’ అనేది రెండో మాట. 2003 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి జారీచేసిన నిబంధనల ప్రకారం డబ్బు, ఉద్యోగం, వస్తువు, సేవ ఏదైనా సరే ఇచ్చి లేదా ఇస్తానని చెప్పి లైంగిక సంబంధం కోరడం నిషిద్ధం; సాయం పొందేవాళ్లకు హక్కుగా అందవలసినదాన్ని ఎరగా చూపడం కూడా అందులోకే వస్తుంది. 18 ఏళ్లలోపు వారి విషయంలో స్థానిక చట్టం ఏం చెప్పినా, వయసు తెలియక పొరబడ్డానన్నా చెల్లదు. మన దేశంలో పోక్సో చట్టం ఎట్లాగూ ఆ వయసు దగ్గరే గీత గీసింది. కాబట్టి విచారణ చేసేవారు ముందుగా తేల్చుకోవలసింది, అతని చేతిలో ఏమున్నది, కాదంటే ఆమె ఏం పోగొట్టుకునేది అన్నవి.

ఇక్కడే ఇంకో తెలివైన వాదన వినిపిస్తుంది: ఆమె మా ఉద్యోగిని కాదు, మా కమిటీకి సంబంధం లేదు అని. కాంగోలో 2018 నుంచి 2020 దాకా ఎబోలా నివారణ పనుల్లో స్త్రీలకు ఉద్యోగాలు ఎరచూపి లొంగదీసుకున్నారన్న ఆరోపణలను స్వతంత్ర కమిషన్ విచారించి 2021 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. అందులో ఆరోపణలు వచ్చినవారు 83 మంది, వారిలో 21 మంది ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసినవారు. ఒక కేసులో ఆ స్త్రీ తమ సాయం పొందిన ‘లబ్ధిదారు’ కాదు కనుక అది తమ విధానం కిందికి రాదని ఆ సంస్థ విచారణే మొదలుపెట్టలేదు. మన 2013 చట్టం ఈ సందు మూసేసింది. బాధితురాలు అక్కడ ఉద్యోగం చేస్తున్నా చేయకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. పనిస్థలం అన్న మాటలో స్వచ్ఛంద సంస్థలు పేరుపెట్టి ఉన్నాయి, ఉద్యోగి పనిమీద వెళ్లిన ప్రతి చోటూ అందులోకి వస్తుంది. పంపిణీ జరిగిన తండా వాకిలి కూడా పనిస్థలమే.

ఆ రోజే పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదన్నది మూడోది. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఈ ప్రశ్న అడగడానికి కొంచెం సిగ్గుపడాలి. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకో ముంబైకో పనికి పోయిన మనిషి తిరిగి వచ్చేది పండుగకే. చట్టం ఫిర్యాదుకు మూడు నెలల గడువిచ్చి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించే వీలు కమిటీకి ఇచ్చింది. ఫిర్యాదు చేసే దారి ఎట్లా ఉన్నదో కూడా చూడాలి. ఒక సంస్థ కార్యాలయంలో ఫిర్యాదుల పెట్టె క్షేత్ర సమన్వయకర్త కిటికీ కిందనే గోడకు కొట్టి ఉండేది. తాళంచెవి ఎక్కడని అడిగితే ఆయన జేబులోంచి బండి తాళాల గుత్తి తీసి చూపించాడు. ఆ పెట్టెలో ఏడాది పొడుగునా ఒక్క కాగితమూ పడలేదని వార్షిక నివేదికలో గర్వంగా రాసుకున్నారు.

పోలీసు కేసూ, సంస్థ విచారణా ఒకదానికొకటి అడ్డు కాదు. నేరం రుజువై శిక్ష పడాలంటే కావలసిన సాక్ష్యం బరువు వేరు, ఈ మనిషిని మళ్లీ జనం మధ్యకు పంపవచ్చునా అని సంస్థ తేల్చుకోవడానికి చాలే బరువు వేరు. ఆమె పోలీసు ఫిర్యాదు చేయదలచుకుంటే తోడ్పడటం యజమాని విధి అని 2013 చట్టమే చెబుతుంది. బాధితురాలు 18 ఏళ్లలోపు అయితే మాత్రం ఎవరికీ ఎంపిక లేదు. పోక్సో సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పితీరాలి, తన కింది ఉద్యోగి చేసినదాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు పడవచ్చు.

ఇక అన్నింటికన్నా ఎక్కువమంది ‘నిజమే కదా’ అని బొటనవేలు ఎత్తిన గుర్తులు పెట్టిన మాట, ఎదురెదురుగా కూచోబెట్టడం. మన ఊళ్లలో పంచాయితీ తెంపడం అంటే తగువు లేకుండా చేయడం, ఏం జరిగిందో కనుక్కోవడం కాదు. పొలం గట్టు దగ్గర అది పనికొస్తుందేమో. ఇక్కడ అతను కుర్చీలో, ఆమె నేల మీద. చుట్టూ ఉన్న పెద్దమనుషులు వచ్చే నెల బోరుబావి కోసం అతన్ని అడగవలసినవారే. చివరికి తప్పు (జరిమానా) కట్టించి, చేతులు కలిపించి పంపిస్తారు. 2013 చట్టంలో రాజీ లేకపోలేదు, కానీ అది ఆమె కోరితేనే, దానికి డబ్బు ఆధారం కాకూడదు.

విచారణ ఎట్లా జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. సంస్థ పేరున్న జీపు తండాకు పోతే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఫిర్యాదు చేసినామెను అంగడి రోజున మండల కేంద్రంలో కలిశాము, ఆ రోజు ఆడవాళ్లు ఎందుకు వచ్చారని ఎవరూ అడగరు. ఆమెకు లంబాడీలో మాట్లాడటమే సులువు కనుక వేరే మండలం నుంచి ఒకామెను దుబాసీగా పిలిపించాము, ఆ దుబాసీకి ఆ తండాలో చుట్టాలెవరూ లేరని ముందే కనుక్కున్నాము. తలుపు దగ్గరి కుర్చీ ఫిర్యాదు చేసినామెకు ఇచ్చాము. ‘చెయ్యి పట్టుకున్నాడా’ లాంటి ప్రశ్న అడగలేదు, జవాబును మనమే నోట్లో పెట్టినట్లవుతుంది. “ఆ రోజు పొద్దున లేచినకాడి నుంచి చెప్పమ్మా” అని ఊరుకున్నాము. ఆమె చెప్పిన తేదీలను పంపిణీ రిజిస్టరుతో పోల్చి చూస్తే ఆమె పేరు నీలం సిరాతో కొట్టేసి ఉంది, నాలుగు రోజుల తర్వాత నల్ల సిరాతో మళ్లీ రాసి ఉంది. కారణం రాయవలసిన గడి రెండుసార్లూ ఖాళీ. జీపు లాగ్‌బుక్కు, టోకెన్ల అడుగుముక్కలు, ఫోన్ కాల్స్ వివరాలు ఆ తర్వాత చూశాము. ఎదురెదురుగా కూచోబెడితే ఆ రిజిస్టరు ఎవరూ తెరిచేవారు కాదు.

ఆరోపణ ఎదుర్కొన్న మనిషికి ఇందులో అన్యాయం జరుగుతుందని అనుకోవద్దు. ఫిర్యాదు ప్రతి అతనికి అందుతుంది, జవాబుకు పది పనిదినాలు ఉంటాయి, తన సాక్షులను చెప్పుకోవచ్చు, వకీలును మాత్రం ఇద్దరిలో ఎవరూ తెచ్చుకోకూడదు. ఆమెకు అతను అడగదలచిన ప్రశ్నలను కమిటీ ద్వారా అడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. నిర్దోషి అయితే ఆ మాట కాగితం మీద వస్తుంది, పంచాయితీలో చేతులు కలిపి వచ్చినవాడి మీద అనుమానం అట్లాగే ఉండిపోతుంది.

నిధుల భయం అబద్ధం కాదు. 2010 భూకంపం తర్వాత హైతీలో బ్రిటన్ సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్ జీబీ సిబ్బంది లైంగిక దుష్ప్రవర్తనపై ఆ సంస్థ 2011లో లోపల విచారణ జరిపి, కొందరిని తొలగించి, దేశ డైరెక్టరును మాత్రం రాజీనామా చేయనిచ్చి, అసలు సంగతి పూర్తిగా చెప్పకుండా ఊరుకుంది. అతను తర్వాత బంగ్లాదేశ్‌లో ఇంకో సహాయ సంస్థలో చేరాడు. 2018 ఫిబ్రవరిలో పత్రికల్లో వచ్చాక కొద్ది రోజుల్లోనే సుమారు 7,000 మంది దాతలు చందాలు మానుకున్నారు, ఆ ఏడాది జూన్‌లో హైతీ ప్రభుత్వం ఆ సంస్థను పనిచేయనివ్వలేదు. ఏడేళ్లు దాచినందుకు కట్టిన లెక్క అది. 2011లోనే చెప్పివుంటే ఎంత పోయేదో ఎవరూ చెప్పలేరు, కానీ బంగ్లాదేశ్ ఉద్యోగం మాత్రం అంత తేలికగా దొరికేది కాదు.

చివరగా ఆ సందేశం గురించే ఒక మాట. దాని చివర ‘ఉదాహరణ’ అంటూ ఒక ఆరోపణ గురించి రాసి, ఆమె తండా పేరు, భర్త చేసే పని ఇచ్చారు. ఆమె పేరు రాయలేదు కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నలభై గడపల తండాలో ఆటో నడిపే మనిషి ఒక్కడే ఉంటాడు. కమిటీ ముందుకు వచ్చిన ఫిర్యాదుదారు ఎవరో తెలిసేట్లు వివరాలు బయటపెట్టడాన్ని 2013 చట్టం సెక్షన్ 16 నిషేధించింది, అత్యాచారం ఆరోపణ అయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద అది రెండేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. నేనున్న నాలుగు గ్రూపుల నిర్వాహకులకూ రాశాను. ఇద్దరు ఆ సాయంత్రమే తొలగించారు, ఒకరు క్షమించమన్నారు. నాలుగో గ్రూపులో అది ఇంకా ఉన్నది.