మందపాటి ప్యాడ్ అన్నిటికీ మందు కాదు

గుర్రానికి జీను ఒరుసుకుంటుంటే దాని కింద మందపాటి ప్యాడ్ (మెత్త) వేయమని ఒక వ్యాసంలో రాశారు. దయచేసి అలా చేయకండి. జీనే ఇరుకైనదైతే ప్యాడ్‌తో ఇంకా బిగుసుకుంటుంది, ఇరుకు బూటులో రెండో జత సాక్సు తొడిగినట్టు. స్వారీ అయ్యాక జీను తీసి గుర్రం వీపు చూడండి. చుట్టూ చెమట తడి ఉండి, మధ్యలో పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఎక్కువైందేమో అనుమానించాలి. పట్టించుకోకపోతే పుండు పడొచ్చు, తర్వాత ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. జీను వెడల్పు సరిచేయించాల్సిందే.

ప్యాడ్‌ను మూపు (మెడ, వీపు కలిసే చోట ఎత్తైన భాగం) మీద కాస్త ముందుకు వేసి వెనక్కి జరపండి, వెంట్రుకలు ఎదురు తిరగవు. పొట్టపట్టీ బిగించే ముందే ప్యాడ్‌ను మూపు దగ్గర జీను మధ్య ఖాళీలోకి పైకి లాగాలి. లేదంటే బరువు పడగానే బిగిసి మూపు ఎముకల్ని నొక్కుతుంది.

గుర్రం కాళ్ళకు రక్షణగా కట్టే బూట్లయితే పని అవగానే విప్పేయండి, లోపల వేడి నిలవడం టెండన్లకు (కండరాల్ని ఎముకలకు కలిపే పట్టీలకు) మంచిది కాదు.