నివేదిక ఆమెది, చెక్కుబుక్కు ఆయనది

పలు దేశాల్లో ఆఫీసు భవనాలు, మాల్స్, గోదాములు ఉన్న పెద్ద స్థిరాస్తి కంపెనీ వార్షిక నివేదిక ఏదైనా తెరిచి చూడండి. సుస్థిరత (పర్యావరణ బాధ్యత) అధ్యాయంలో ఒక పటం తప్పకుండా ఉంటుంది. పైన డైరెక్టర్ల బోర్డు, దాని కింద కమిటీ, ఆ కింద ముఖ్య సుస్థిరత అధికారి, ఇంకా కింద కార్యాచరణ బృందాలు, అట్టడుగున దేశానికొక ప్రతినిధి. గీతలన్నీ ముచ్చటగా కలుస్తాయి. ఆ పటంలో నేను వెతికేది ఒక్కరినే: ఏసీకి చల్లని నీళ్లు అందించే పాత యంత్రం, అంటే చిల్లర్, తీసేసి కొత్తది పెట్టడానికి డబ్బు మంజూరు చేసే మనిషిని. చాలాసార్లు కనిపించరు.

ఆ మనిషిని అసెట్ మేనేజర్ అంటారు. భవనం రాబడికి జవాబుదారీ ఆయనే. ఏ పని ఈ ఏడాది చేయాలి, ఏది వచ్చే ఏడాదికి తోసేయాలి అని తేల్చేదీ ఆయనే. ఆయన బోనస్ అద్దె ఆదాయాన్ని, నిండిన అంతస్తులను చూసి వస్తుంది. సుస్థిరత అధికారికి లక్ష్యాలున్నాయి, సదస్సులున్నాయి, సొంత బడ్జెట్ మాత్రం ఉండదు. కర్బన ఉద్గారాలు ఎందుకు తగ్గలేదని బోర్డు నిలదీసేది మాత్రం ఆమెనే. పెత్తనం ఒకరికిచ్చి సంజాయిషీ ఇంకొకరిని అడగడం ఏ రకం పాలన?

ఇది చిన్న విషయం కాదు. ఇంధన వాడకం, పారిశ్రామిక ప్రక్రియల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు మూడో వంతు భవనాలు, నిర్మాణ రంగానిదే.

భవనాల నిర్వహణలో పనిచేసినవారికి ఈ వ్యవస్థ అడుగు భాగం ఎలా ఉంటుందో తెలుసు. ఏడాది చివర్లో ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది, శుక్రవారంలోగా నింపి పంపాలి. నింపేది బేస్‌మెంట్‌లోని చిన్న గదిలో కూర్చున్న ఇంజినీరు. లిఫ్టులు, కారిడార్లు, ఏసీ ప్లాంటు మీటర్లు ఆయన చేతిలో ఉంటాయి. అద్దెదారుల మీటర్లు ఉండవు, వాళ్లు బిల్లులు ఇవ్వరు. అందుకని చదరపు మీటరుకు ఇంత అని సగటు వేసి గడి నింపేస్తారు. ఆ సగటు అంకె నాలుగు మెట్లెక్కి బోర్డు ముందుకు వెళ్లేసరికి దానికి దశాంశ స్థానాలు కూడా వచ్చేస్తాయి! పదమూడో అంతస్తులోని ఒక్క అద్దెదారు కోసం ఆదివారం ఉదయం మొత్తం భవనానికి ఏసీ నడుస్తోందన్న సంగతి మాత్రం ఆ షీటులో ఏ గడిలోనూ పట్టదు.

అద్దెదారు సొంత మీటరు మీద కాల్చే కరెంటు సాధారణంగా కంపెనీ స్కోప్ 3 లెక్కలోకి, అంటే తన చేతిలో నేరుగా లేని పరోక్ష ఉద్గారాల పద్దులోకి, పోతుంది. కంపెనీలు ఉద్గారాలు లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతి జీహెచ్‌జీ ప్రోటోకాల్ ఆ స్కోప్‌ను 15 విభాగాలు చేస్తే అందులో పదమూడోది అద్దెకిచ్చిన ఆస్తులది. యజమాని ఖర్చు పెట్టి అద్దాలు మార్చితే బిల్లు తగ్గేది అద్దెదారుకు. అద్దెదారు ఖర్చు పెడితే లీజు ముగిశాక ఆస్తి మిగిలేది యజమానికి. తిలా పాపం తలా పిడికెడు. ఇంకో సౌకర్యమూ ఉంది: ఎక్కువ కరెంటు తినే పాత భవనాన్ని అమ్మేస్తే అది కంపెనీ లెక్కలోంచి పోతుంది, ఉద్గారాలు మాత్రం కొత్త యజమాని పేరున కొనసాగుతాయి. (పెద్ద అమ్మకాలు జరిగితే తగ్గుదలను పోల్చి చూసే ఆధార సంవత్సరం అంకెలనూ సవరించాలని అదే ప్రోటోకాల్ చెబుతుంది. ఆ సవరణను ఎంతమంది పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారో చూడండి.)

కంపెనీలు వాతావరణ వివరాలు బయటపెట్టాలన్న వెల్లడి నియమాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. 2017లో వాతావరణ ముప్పుల వెల్లడిపై ఏర్పడ్డ అంతర్జాతీయ బృందం టీసీఎఫ్‌డీ సిఫార్సులు మొదలైందే పాలన అనే అంశంతో. 2023 జూన్‌లో వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ ఎస్2 అనే అంతర్జాతీయ వాతావరణ వెల్లడి ప్రమాణం ఉన్నతాధికారుల జీతభత్యాలకూ వాతావరణ లక్ష్యాలకూ ముడి ఉందా అని కూడా అడుగుతుంది. మంచి ప్రశ్నే, కానీ అడిగింది పై అంతస్తును. అసెట్ మేనేజర్ బోనస్ షరతుల దాకా వెళ్లి తవ్వేవారు తక్కువ.

పనిచేసే పద్ధతులు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో నాబర్స్ అనే ఇంధన రేటింగ్ భవనం మూల సేవలను (లిఫ్టులు, ఉమ్మడి ఏసీ లాంటివి), అద్దెదారు వాడకాన్ని విడదీసి, 12 నెలల అసలు వినియోగం చూసి నక్షత్రాలు ఇస్తుంది. 2010 నుంచి అక్కడ పెద్ద ఆఫీసు స్థలం అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఆ రేటింగ్ బయటపెట్టాలి. ఎవరి వాటా ఎంతో తేలిపోయాక సాకులకు చోటు తగ్గుతుంది. న్యూయార్క్‌లో 2019 నాటి లోకల్ లా 97 ప్రకారం 25,000 చదరపు అడుగులు దాటిన చాలా భవనాలకు 2024 నుంచి ఉద్గారాల పరిమితి ఉంది. మించితే టన్నుకు 268 డాలర్ల జరిమానా, కట్టాల్సింది భవన యజమాని. ఆ సొమ్ము భవనం రాబడిలోంచి పోతుందనగానే అసెట్ మేనేజర్‌కు వాతావరణ శాస్త్రం మీద హఠాత్తుగా ఆసక్తి పుడుతుంది.

'సుస్థిరత మా అందరి బాధ్యత' అని గోడల మీద రాసుకునే కంపెనీలంటే నాకు ఒళ్లు మంట. అందరిదీ అంటే ఎవరిదీ కాదనే. ఆ రంగుల డబ్బు మిగుల్చుకుని, భవనాల కొనుగోళ్ల కమిటీలో సుస్థిరత అధికారికి ఓటు ఇవ్వండి, ఆమె వద్దంటే కొనుగోలు ఆగిపోయే ఓటు. లీజులో మీటరు వివరాలు పంచుకోవాలన్న షరతు చేర్చండి. అది రాయించని లీజింగ్ మేనేజర్ బోనస్ కోయండి.

వాటాలున్నవారు ఈసారి సర్వసభ్య సమావేశంలో నికర సున్నా ఉద్గారాలు (నెట్ జీరో) ఏ సంవత్సరానికి అని అడగకండి, అది అందరికీ కంఠస్థమే. సుస్థిరత కారణంగా గత ఏడాది మీ కంపెనీ కొనకుండా వదిలేసిన భవనం ఒక్కటైనా ఉందా, ఉంటే ఆ కాగితం మీద సంతకం ఎవరిది అని అడగండి.