ఫొటో కోసం కట్టిన గూడు

పిచ్చుకల దినోత్సవం నాడు పెట్టెలు కట్టించినవాళ్లే నెల గడిచిందో లేదో వాటిని పీకించారు. నల్గొండకు దగ్గర్లోని ఓ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మార్చి 20న వరండా పొడవునా చెక్క గూళ్లు వేలాడదీశారు. ఫొటోలు దిగారు. మేమూ అచ్చేశాం. ఇప్పుడు పెద్దసారు తనిఖీకి వస్తున్నారని గోడలకు రంగులేయిస్తూ, ఆ పెట్టెలన్నీ ఊడదీసి సైకిల్ షెడ్డు వెనక పడేశారు. రెండింటిలో రెక్కలు రాని పిల్లలున్నాయి.

మా విలేకరి వెళ్లేసరికి తల్లి పిచ్చుక ముక్కున పచ్చ పురుగు పట్టుకుని, గోడకు మిగిలిన మేకు మీద వాలుతోంది. లేస్తోంది. మళ్లీ అక్కడికే వస్తోంది. కాళ్లకు తడి రంగు అంటినా ఆ మేకును వదల్లేదు.

రంగులు వేయక తప్పదని, పెట్టెలు మళ్లీ కట్టిస్తామని బడివాళ్లు చెబుతున్నారు. పెట్టెలు కట్టవచ్చు, చచ్చిన పిల్లలను ఎవరు తెస్తారు? పిచ్చుక మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాలు. ఆ రెండు పెట్టెల చుట్టూ మూడడుగుల గోడ వదిలేసి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగితే చాలు. తనిఖీకి వచ్చే ఏ అధికారీ దానికి కోప్పడేవారు కాదు.

ఒంటిపూట బడి అయిపోయినా ఇంటికి పోకుండా పిల్లలు వేపచెట్టు కింద కూర్చుని ఈ గూళ్లను చూశారు. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగదని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. ఏ పెట్టెలోకి గడ్డిపోచ పోయింది, ఏ పెట్టె దగ్గర గోరింక వచ్చి తగవు పెట్టింది, అన్నీ నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నారు. ఆ పిల్లలకు ఇప్పుడు పెద్దవాళ్లు నేర్పిన పాఠం ఏమిటి? ఫొటో అయిపోతే పని అయిపోయినట్టేననా?

మా బాధంతా ఈ ద్వంద్వ నీతి గురించే. వెనకటి గూనపెంకుల ఇళ్లలో దూలం సందున, అద్దం వెనక పిచ్చుక తనంతట తాను గూడు పెట్టుకునేది. చూరుకు వడ్ల కంకులు కట్టేవాళ్లు, దానికి సభలు పెట్టలేదు. స్లాబు ఇళ్లు వచ్చి ఆ సందులు పోయాయి కాబట్టే పెట్టె అవసరమైంది. పెట్టె కట్టామంటే పిట్టను మనమే పిలిచామన్నమాట. పిలిచి పీట వేసి, విస్తరి ముందు నుంచి లేపేస్తామా?

మిగతాచోట్ల కూడా ఇదే తంతు. పాలమూరు ఎండ 42 డిగ్రీలు దాటుతుంటే, పడమటి గోడకు రేకు గూళ్లు, ప్లాస్టిక్ గూళ్లు తగిలిస్తున్నారు. లోపల పిల్లలు ఉడికిపోతాయన్న ఆలోచనే లేదు. కావలసింది చెక్క, నీడ, ఎనిమిది పదడుగుల ఎత్తు, పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్ద రంధ్రం. అంతే. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా గూడు అల్లదు, ఎండిన తాటిమొద్దు తొర్రలో గుడ్లు పెడుతుంది. దసరా నాడు దాన్ని చూడాలని ఊరు దాటి పోతాం, మిగతా రోజుల్లో ఎండు మాను కనిపిస్తే చాలు, గొడ్డలి వేస్తాం. అది చాలదన్నట్టు పండుగ నాడు పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే వాళ్లూ ఉన్నారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్పే ‘వేట’లో తుపాకీ పట్టడం ఒక్కటే లేదు. అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా దాని కిందికే వస్తాయి. గూళ్లు పంచిన అధికారులకు ఈ సంగతి తెలియదంటే నమ్మలేం.

పెట్టె కట్టాలనుకునే ప్రతి కార్యాలయం, ప్రతి బడి ముందు ఒక మనిషిని దానికి బాధ్యుణ్ని చేయాలి. గూట్లో పిట్ట ఉన్నన్నాళ్లు ఆ గోడ మీద సుత్తి, బ్రష్షు పడకుండా చూడటం ఆ మనిషి పని. అది చేతకాదంటారా, వచ్చే మార్చి 20న నిచ్చెన ఎక్కకండి. మాకు ఫొటోలు పంపకండి, మేం వేయం. ముందు ఆ బడికి వెళ్లి, నోటుబుక్కులు పట్టుకుని ఎదురుచూస్తున్న పిల్లలకు ఆ గూళ్లు ఏమయ్యాయో మీ నోటితో మీరే చెప్పండి.