కనిపెట్టుకొని ఉండటం

“మీ మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్‌ను ఏడేళ్లు చేద్దాం అన్నా. మిగతాది మావాళ్లు చూసుకుంటారు.”

2023 ఫిబ్రవరిలో ఒక కన్సల్టెన్సీ కుర్రాడు ఫోన్‌లో నాతో అన్న మాట ఇది. అప్పటికి నా ఉద్యోగం పోయి ముప్పై ఎనిమిది రోజులు. ఇక్కడ అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ మన పేరు మీద పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే వీసాలోకి మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో అరవయ్యో రోజు చుట్టూ మా ఆవిడ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. ఎర్ర పెన్నుతో చుడితే ‘ఏంటది’ అని పాప అడుగుతుందని పెన్సిల్.

కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. రిఫరెన్స్‌కు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లున్నారన్నాడు. ఇంటర్వ్యూ కష్టమనిపిస్తే ప్రాక్సీ, అంటే నా బదులు కూర్చునే మనిషి, కూడా ఉంది, కాకపోతే దానికి రేటు వేరు. “అందరూ చేసేదే అన్నా, మీరొక్కరే ఎందుకంత టెన్షన్ పడతారు?”

నేను వద్దనలేదు. ‘రేపు చెప్తా’ అన్నాను. ఆ రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి రెజ్యూమేలో 2020 అని ఉన్నచోట 2016 అని కొట్టాను. కాసేపు చూసి చెరిపేశాను. మళ్లీ కొట్టాను. నాలుగు అంకెల్లో మారేవి రెండే.

మా శుక్రవారం ప్రార్థన కూటానికి డెబ్బై దాటిన ఒక పెద్దావిడ వస్తారు. ఒంగోలు వైపు మనిషి, కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అందరం అత్తమ్మా అంటాం. ఎవరు చెప్పారో ఏమో, మర్నాడు పొద్దున స్టీలు క్యారియర్‌లో గోంగూర పప్పు పట్టుకుని కొడుకు కార్లో దిగారు. వాక్యం చెప్పలేదు. ఓపిక పట్టు అని కూడా అనలేదు. “రాత్రి పది దాటాక ఏదీ తేల్చుకోబాక నాయనా. సైతాను నైట్ డ్యూటీ చేస్తాడు” అన్నారు. ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్. తిన్నావా, ఏం కూర, సరే పడుకో. అంతే, పెట్టేసేవారు.

యాభై రెండో రోజు ఇంకో రాష్ట్రంలో తక్కువ జీతానికి ఉద్యోగం దొరికింది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే తొలి దరఖాస్తు, పెర్మ్, మళ్లీ మొదటికొచ్చింది. క్యూలో నా చోటు చెప్పే ప్రయారిటీ డేట్ మాత్రం మిగిలింది. ఆ కుర్రాడి మాట విన్న పాత సహోద్యోగి ఒకాయన బాగానే ఉన్నారు. ఇల్లు కొన్నారు. పిలిస్తే వెళ్లి, భోంచేసి, బట్టలు పెట్టి వచ్చాం. కాబట్టి ఓర్చుకున్నవాడికి రెట్టింపు, తొందరపడ్డవాడికి నాశనం అని సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర కథ లేదు.

తెలుగు బైబిల్లో అలాంటి రాత్రికి ఉన్న పేరు శోధన. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు పోలీసుల సోదా గుర్తొచ్చేది. బీరువా తెరిచి, చీరలు కింద పడేసి, ఇంట్లో ఏముందో నలుగురి ముందూ బయటపెట్టడం. పిల్లాడి ఊహే అయినా మరీ దూరం పోలేదేమో. కొత్త నిబంధన గ్రీకులో కూడా పరీక్షకూ ప్రలోభానికీ ఒకటే మాట, పెయిరాస్మోస్. యాకోబు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో ఆ రెండు అర్థాలూ పక్కపక్కనే నడుస్తాయి. విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుందంటాడు. కాస్త కిందికి వచ్చి, దేవుడు ఎవరినీ కీడు వైపు శోధించడనీ, మనిషి తన సొంత దురాశ చేత ‘ఈడ్వబడి మరులుకొల్పబడి’ శోధనలో పడతాడనీ అంటాడు. మరులుకొల్పబడటం! 2016 అని కొట్టి దానికేసి చూస్తూ కూర్చున్నానే, దానికి ఇంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. శోధనలో మన ముందుకొచ్చేది చాలాసార్లు చెడ్డ వస్తువేమీ కాదు. ఉద్యోగం మంచిదే, ఇల్లు మంచిదే, పిల్లల చదువు మంచిదే. ఇప్పుడే తీసుకో, ఈ రాత్రే తీసుకో అనడంలోనే ఉంది కిటుకంతా.

యేసు నలభై రోజుల ఉపవాసం తర్వాత ఆకలితో ఉన్నప్పుడు సైతాను అడిగింది రాళ్లను రొట్టెలు చేసుకోమనే. రొట్టెలో పాపమేముంది? ఆ తర్వాత అయిదు వేల మందికి ఆయనే రొట్టెలు పంచాడు. అబ్రాహాము 75 ఏళ్ల వయసులో, సంతానాన్ని గొప్ప జనం చేస్తానన్న దేవుడి వాగ్దానం నమ్మి ఊరు విడిచాడు. పదేళ్లు చూశారు భార్యాభర్తలు. ఇక లాభం లేదనుకుని శారా సలహా మీద దాసి హాగరు ద్వారా కొడుకును కన్నాడు, 86 ఏళ్లకు. వాగ్దానపు కొడుకు ఇస్సాకు శారాకు పుట్టేసరికి ఆయనకు వంద. మధ్యలో చూపిన తొందరకు మూల్యం చెల్లించింది మాత్రం హాగరు, బిడ్డతో సహా అడవిపాలై. ఈ సంగతి మన ప్రసంగాల్లో ఎందుకో ఎప్పుడూ తొందరగా దాటిపోతుంది.

ఏశావు కథ అందరికీ తెలిసిందే. మన అనువాదంలో అతను ఆకలికి ఆగలేక జ్యేష్ఠత్వం, అంటే పెద్దకొడుకు హక్కు, అమ్ముకున్నది చిక్కుడుకాయల వంటకానికి. సండే స్కూల్లో అది విని మా అన్నయ్య ఏడాది పాటు చిక్కుడుకాయ ముట్టలేదు.

నాకు ఎక్కువ జాలేసేది సౌలు రాజు మీద. గిల్గాలులో ఏడు రోజులు ఆగమని, తాను వచ్చి బలి అర్పిస్తానని ప్రవక్త సమూయేలు చెప్పాడు. ఎదురుగా ఫిలిష్తీయుల దండు, వెనక ఒక్కొక్కరే జారిపోతున్న సొంత సైన్యం. ఏడు రోజులూ ఆగాడు పాపం. గడువు దగ్గరపడినా సమూయేలు జాడ లేకపోయేసరికి బలి తానే అర్పించేశాడు. చాలించాడో లేదో సమూయేలు వచ్చి నిలబడ్డాడు. సౌలును ఓపిక లేనివాడని ఎలా అంటాం? ఏడు రోజుల ఓపిక ఉంది, ఆఖరి గంట లేదు. ముప్పై ఎనిమిదో రోజు రాత్రి నాది కూడా అదే పరిస్థితి.

ఆఖరి గంట దాటడానికి పళ్లు బిగించడం సరిపోదు. దానికి మన పాత బైబిలు వాడిన మాట మహా చక్కనిది. “యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని” అంటాడు నలభయ్యో కీర్తనలో దావీదు. ఇవాళ కనిపెట్టడం అంటే టెలిఫోను కనిపెట్టడం, దొంగను కనిపెట్టడం. కానీ వంటింట్లో ఇంకా ఆ పాత అర్థం బతికే ఉంది. “పాలు పొయ్యి మీద పెట్టాను, కాస్త కనిపెట్టుకొని ఉండు” అంటాం. జ్వరమొచ్చిన పిల్లాణ్ని రాత్రంతా కనిపెట్టుకొని కూర్చుంటాం. పాల దగ్గర నిలబడ్డ మనిషి చేసే పనేమీ కనిపించదు. అలాగని అక్కణ్ణుంచి కదలడానికీ లేదు. మా సంఘాల్లో కనిపెట్టు ప్రార్థన అని ఒకటి ఇప్పటికీ ఉంది. పేరు నిలిచింది గానీ అందులో కనిపెట్టడం కన్నా మైకులో అడగడమే ఎక్కువైంది.

ఈ మాట అంటే మా ఒంగోలు కథ చెప్పకుండా ఉండలేను. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మకాం పెట్టింది 1840లో. ఏళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిషన్‌ను ఇక మూసేద్దామా అని ఇక్కడ అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు కూర్చుని చర్చించారు. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క కేంద్రానికి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అని పేరు పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ఇద్దరు ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ మనిషి, మిషనరీ జాన్ క్లౌ, వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. ఆ కొండను మావాళ్లు ప్రార్థన కొండ అంటారు. చిన్నప్పుడు మేం ఎక్కింది మాత్రం ఎక్కువగా గాలిపటాల కోసం.

తర్వాత 1876-78 కరువు. క్లౌ పూర్వం సర్వేయరు పని చేసినవాడు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. మేస్త్రీలుగా పెట్టింది తన తెలుగు బోధకుల్నే. పగలు మట్టి మోసినవాళ్లు సాయంత్రం వాళ్ల చుట్టూ కూర్చుని మాటలు వినేవారు. కొన్నాళ్లకు బాప్తిస్మం ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది మాదిగలు, తరతరాలుగా ఊరి బయట ఉంచబడ్డవాళ్లు.

క్లౌ ఇవ్వలేదు. కూలి, గంజి, సాయం పంచుతున్నన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం లేదన్నాడు. ఏడాదికి పైగా ఆ మాట మీదే నిలబడ్డాడు. దశాబ్దాలుగా ‘అంకె ఎంత’ అని అడుగుతున్న అమెరికా పెద్దలకు ఉత్తరం రాసే మనిషి ఆయన. వేలమంది గుమ్మంలో నిలబడి ఇవ్వమంటున్నారు. చేతిలో కలం ఉంది. అది శోధన కాకపోతే ఇంకేది? సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి.

మతం మారడం గురించి ఈ పత్రిక పాఠకుల్లో ఎవరి అభిప్రాయం వారికుంటుంది. గంజి కోసం మారారనే మాట నేనూ వింటూ పెరిగాను. నన్ను పట్టుకునేది ఆ 2,222 కాదు. అంతకుముందు ఏడాదికి పైగా నమోదైన సున్నా. ఆ సున్నాను ఉత్తరంలో రాయడానికి కావలసిన ఓర్పు నాలో ఉందా అంటే, రెజ్యూమేలో రెండంకెల దగ్గరే తేలిపోయింది కదా.

గుండ్లకమ్మ వేసవిలో ఒట్టి ఇసుక. మా నాయనమ్మ చెలమ తవ్వి పక్కన కూర్చునేది. ముందు ఊరేది బురద నీళ్లే. దాహమేసి చెయ్యి పెడితే వేళ్ల మీద చిన్నగా కొట్టేది, “కలపబాకరా, తేరనీ” అని. కొబ్బరి చిప్ప ఒళ్లో బోర్లించుకుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. ఓర్చినమ్మకు తేటనీరు అన్న సామెత పుట్టింది అలాంటి గట్టునే అయ్యుంటుంది.

ఇక్కడి మన తెలుగు ఫెలోషిప్పుల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఉపాధి కోటా గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మనవాళ్ల క్యూ ఏళ్లకేళ్లు సాగుతోంది. క్యూలో ఏ తేదీ దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా వస్తుంది. తేదీ ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తుంది. చిన్నప్పుడు ఎత్తుకొచ్చిన పిల్లలకు ఇరవై ఒకటి వస్తోందని, తమ దరఖాస్తులోంచి జారిపోతారేమోనని తల్లులకు నిద్ర ఉండదు. ఇంతటి నిరీక్షణ ఉన్నచోట తొందరను అమ్మేవాడికి గిరాకీ ఎక్కువ. డిసెంబరు 31 రాత్రి ‘ఈ సంవత్సరమే నీ కార్డు, ఆమెన్ అను’ అని వేదిక మీద ప్రవచనం, దానికి తగ్గ కానుక కవరు. ఏడాదికో వాక్యం రాసిచ్చే వాగ్దాన కార్డులంటే నాకూ ఇష్టమే, పర్సులో ఒకటి ఇప్పటికీ ఉంది. కానీ దేవుడి పేరు మీద తేదీ ప్రకటించడం ‘రొట్టెలు చేసుకో’ అన్న గొంతే. జూన్ దాటాక ఆ ఇంటివాళ్లు కూటానికి రావడం మానేస్తారు. సిగ్గుతో.

దీనికి తలకిందులుగా ఇంకో తప్పు చేస్తాం. మొగుడు చెయ్యి చేసుకుంటున్నాడని చెప్పుకున్న ఆడపిల్లకు ‘దీర్ఘశాంతం ఆత్మ ఫలం అమ్మా, సహించు’ అని వాక్యం చూపిస్తాం. ఆ ఇంట్లో శోధన ఎవరిది? కోపం ఆపుకోవలసింది అతను. ఓర్పు పాఠం అతనికి చెప్పడానికి ధైర్యం చాలక ఆమెకు చెబుతున్నాం. తట్టుకోగలిగేలా శోధనతో పాటు తప్పించుకునే దారి కూడా దేవుడు ఇస్తాడని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ పిల్లకు దారంటే తాళంచెవి, కారు, పడుకోవడానికి ఒక గది. అవి మన ఇళ్లల్లోనే ఉన్నాయి.

పోయిన ఏడాది నుంచి మా కూటంలో చిన్న ఏర్పాటు పెట్టుకున్నాం. ఎవరికైనా ఉద్యోగం పోతే, ఆ అరవై రోజులూ రోజుకొకరం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చెయ్యాలి. ప్రార్థన చేసి తీరాలని రూలేం లేదు. ఆలోచన అత్తమ్మదే, జాబితా రాసింది మా ఆవిడ. ఇప్పుడు ఒక ఇంటికి మంగళవారం నా వంతు. పోయినసారి అతను ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. పదికి అయిదు నిమిషాలు ఉందనగా అతనే చేశాడు, “అన్నా, ఇప్పుడే అన్నం ముందు కూర్చున్నా” అని.

ఏం కూర అని అడిగాను.