సవరణ: రేటింగ్ అంటే మెచ్చుకోలు కాదు

కొత్త సీరియళ్లపై ప్రేక్షకుల అభిప్రాయాల గురించిన ముందటి పోస్టులో, రేటింగ్ 10 వస్తే చూసినవాళ్లలో పది శాతం మందికి నచ్చినట్టేనని రాశాం. అది తప్పు. టీవీ ఉన్న మొత్తం ఇళ్లలో నూటికి ఎన్నింట్లో ఆ సీరియల్ పెట్టారన్నదే రేటింగ్. వంద ఇళ్లలో 40 టీవీలు ఆన్‌లో ఉండి, వాటిలో 10 ఆ సీరియల్‌పై ఉంటే రేటింగ్ 10, షేర్ (ఆన్‌లో ఉన్న టీవీల్లో దాని వాటా) 25. పైగా రేటింగ్ నిమిషాల సగటు: అరగంట ఎపిసోడ్‌లో పావుగంటకే చానల్ మార్చిన ఇల్లు సగమే లెక్కకొస్తుంది. తిట్టుకుంటూ చివరిదాకా చూసిన ఇల్లు మాత్రం పూర్తిగా! తృప్తి సంగతి విడిగా అడగాల్సిందే, అదీ మధ్యలో మానేసినవాళ్లని కూడా కలుపుకుని. ఇంకా చూస్తున్నవాళ్లనే అడిగితే మార్కులు ఎక్కువే పడతాయి.