కుర్చీ సరే, బోల్టు మాటేమిటి?

అమెరికాలో పిల్లలున్న ఇల్లు విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఇప్పుడు వీధికొకటి ఉంది. ఆర్నెల్లు ఉండి రావడానికి వెళ్ళిన అమ్మానాన్నలను ఓర్లాండోలోని డిస్నీ పార్కుకు తీసుకెళ్ళి, మిక్కీ మౌస్ పక్కన నిలబెట్టి ఫొటో తీయడం పిల్లలకో ముచ్చట. టికెట్ ధర మాత్రం చెప్పరు. రద్దీ రోజుల్లో ఒక్క మనిషికి ఒక్క రోజుకు 200 డాలర్లు దాటిందని తెలిస్తే ఆ నాన్న గేటు బయటే నీడ చూసుకుని కూర్చుంటాడు గానీ లోపలికి రాడు.

ఆ ధర మీదే డిస్నీ అభిమానులు ఏళ్ళ తరబడి కీచులాడుకుంటున్నారు. ఇంత వసూలు చేసి ఎక్కడ ఖర్చు పెడుతున్నారు? పైన కూర్చున్న పెద్దమనిషికి పార్కు గురించి తెలుసా, లెక్కల పుస్తకమే తెలుసా? ఈ వాదన మన ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్ళ దాకా వచ్చేసింది. జన్మలో రోలర్ కోస్టర్ ఎక్కని కుర్రాళ్ళు కూడా డిస్నీ అధిపతులుగా చేసిన ఇద్దరిలో తాము బాబ్ ఐగర్ పక్షమో బాబ్ చేపెక్ పక్షమో తేల్చుకుని కూర్చున్నారు. కొత్త సినిమా ఉత్తరాంధ్ర వసూళ్ళను రోజువారీగా అప్పజెప్పగలిగే యువతరానికి ఇదో లెక్క కాదు.

పనీపాటా లేనివాళ్ళ గోల అని పెద్దలు తీసిపారేస్తున్నారు. మేము అలా అనుకోవడం లేదు. ఆ గోలలో సగం కుర్చీ గురించి, సగం ఖర్చు గురించి. కుర్చీ గురించిన సగం చాలావరకు కాలక్షేపమే. ఖర్చు గురించి అడుగుతున్న ప్రశ్నలు మాత్రం మన రెండు జిల్లాల్లోనూ ఎవరో ఒకరు అడగాల్సినవి.

కుర్చీ కథ ముందు చెప్పుకుందాం, అది త్వరగా అయిపోతుంది. 2020 ఫిబ్రవరిలో ఐగర్ దిగి చేపెక్‌ను కూర్చోబెట్టారు. నెల తిరక్కుండానే కరోనా వచ్చి పార్కులకు తాళాలు వేయించింది. మళ్ళీ తెరిచాక, 1999 నుంచి ఉచితంగా ఇస్తూ వచ్చిన ఫాస్ట్‌పాస్ పోయి, క్యూ తప్పించుకోవాలంటే డబ్బు కట్టే పద్ధతి 2021లో వచ్చింది. శీఘ్రదర్శనం టికెట్లకు అలవాటు పడ్డ మనకు అందులో వింతేమీ కనపడదు గానీ అక్కడి వాళ్ళకు ఒళ్ళు మండింది. 2022 నవంబరులో బోర్డు చేపెక్‌ను సాగనంపి ఐగర్‌ను వెనక్కి పిలిస్తే అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ తర్వాత? సంస్థ హోటళ్ళలో దిగినవారికి పార్కింగ్ రుసుము ఎత్తేయడం లాంటి చిన్నచిన్న ఊరటలు దక్కాయి. డబ్బిచ్చి క్యూ దాటే పద్ధతి పేరు మార్చుకుని అలాగే ఉంది. టికెట్ ధర పెరుగుతూనే ఉంది. 2026 ఫిబ్రవరిలో పార్కుల విభాగాధిపతి జోష్ డమారోను ఐగర్ వారసుడిగా ప్రకటించేసరికి, పార్కుల మనిషి వచ్చాడు, ఇక మంచి రోజులేనని మళ్ళీ సంబరం మొదలైంది. చేపెక్ కూడా పార్కుల విభాగాన్ని నడిపి పైకి వచ్చినవాడేనన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

మనుషులు మారినా ధర ఎందుకు దిగదంటే, 2024 ఆర్థిక సంవత్సరంలో డిస్నీ అన్ని విభాగాల నిర్వహణ లాభంలో సగానికి మించి పార్కులు, నౌకలు, బొమ్మల అమ్మకాలు ఉన్న విభాగమే తెచ్చిపెట్టింది. అక్కడ టీవీ చానళ్ళ రాబడి ఏటేటా తరిగిపోతోంది. ఆ లోటును పూడుస్తున్నది గేటు దగ్గర టికెట్ కొన్న కుటుంబం. ఎవరిని కుర్చీ ఎక్కించినా ఈ లెక్క ఆయన బల్ల మీదే ఉంటుంది.

ఖర్చు సంగతి అలా కాదు. పార్కుల మీద పదేళ్ళలో 6,000 కోట్ల డాలర్లు పెడతామని 2023 సెప్టెంబరులో సంస్థ చెప్పింది. అంకె వినడానికి ఘనంగానే ఉంది. అందులో కొత్త హంగులకెంత, ఉన్నవాటి బాగోగులకెంత అన్నది అభిమానుల ప్రశ్న. వాళ్ళకు ఆ అనుమానం ఊరికే రాలేదు. 2022 మార్చిలో అంతరిక్ష నౌకలా కట్టిన ఒక హోటల్ తెరిచారు. ఇద్దరు రెండు రాత్రులు ఉండాలంటే 5,000 డాలర్లకు దగ్గరగా కట్టాల్సి వచ్చేది. ఏడాదిన్నర తిరిగేసరికి మూసేశారు. అలాంటి మోజుల మీద పోసిన డబ్బుతో పాత రైడ్లు ఎన్నింటిని బాగుచేయవచ్చునో వేలు మడిచి లెక్కపెట్టేవాళ్ళను తప్పు పట్టలేం.

ఇంతకంటే పాతదైన మరో ఉదంతం ఉంది. మైఖేల్ ఐస్నర్ 1984 నుంచి రెండు దశాబ్దాలు డిస్నీని ఏలాడు. మొదటి పదేళ్ళు చెయ్యి ధారాళంగానే ఉండేది. 1992లో పారిస్ దగ్గర తెరిచిన పార్కు నష్టాల్లో కూరుకుపోవడం, 1994లో కుడిభుజం లాంటి ఫ్రాంక్ వెల్స్ హెలికాప్టర్ ప్రమాదంలో పోవడం, ఈ రెండింటి తర్వాత ముడి బిగిసింది. 2001 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అసలు డిస్నీల్యాండ్‌కు ఎదురుగా, పాత పార్కింగ్ స్థలంలో రెండో పార్కు తెరిచారు. పార్కు, హోటల్, దుకాణాల వీధి అన్నీ కలిపి 140 కోట్ల డాలర్లు. పార్కు వాటాకు వచ్చేసరికి మాత్రం పొదుపు చేశారు. లోపల చూస్తే ఏముంది? ఒక జెయింట్ వీల్, గొలుసులకు వేలాడుతూ గిర్రున తిరిగే కుర్చీలు. అంటే మన ఊరి ఎగ్జిబిషన్‌లో ఉండే సరుకే, కాస్త రంగు ఎక్కువ. డబ్బు పెట్టి వచ్చిన జనం మొహం మీదే చెప్పేశారు. వాళ్ళ దెబ్బకు 2007లో సంస్థ దిగివచ్చి, ఆ పార్కును తిరగదోడటానికి 110 కోట్ల డాలర్లు తీసింది. 2012కు గానీ పని ఒక కొలిక్కి రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

అదే కాలంలో పాత పార్కులో ఏం జరుగుతోందో కూడా అభిమానులే ముందు పట్టుకున్నారు. పెచ్చులూడిన రంగు, వెలగని బల్బులు, ఆగిపోయిన బొమ్మలు. చిన్నవే. ఫొటోలు తీసి మరీ పెట్టారు. చాదస్తం అన్నారు. 2003 సెప్టెంబరులో అక్కడి గని రైలు రైడు పట్టాలు తప్పి 22 ఏళ్ళ యువకుడు చనిపోయాడు, పది మంది గాయపడ్డారు. బోల్టులు బిగించడం లాంటి మరమ్మతు పని సరిగా చేయలేదని, సిబ్బందికి తగిన శిక్షణ లేదని రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. రంగు పెచ్చులకూ ఆ బోల్టులకూ నేరుగా సంబంధం ఉందని మేము చెప్పడం లేదు. కనపడే చోట పట్టించుకోనివాడు కనపడని చోట పట్టించుకుంటాడని నమ్మడం కష్టమని మాత్రం చెబుతున్నాం.

ఆ ప్రమాదం జరిగిన కొద్దికాలానికే ఆ పార్కు పగ్గాలు మ్యాట్ ఉమెట్ చేతికి వచ్చాయి. 2005 జూలైలో డిస్నీల్యాండ్ 50 ఏళ్ళ పండగ నాటికి రంగులు, దీపాలు, రైడ్లు వరసగా బాగుచేయించాడని అభిమానులు ఇవాళ్టికీ ఆయన పేరు తలుచుకుంటారు. కాబట్టి మనిషిని బట్టి తేడా రాదని అనలేం. ఆ తేడా పైనున్న పెద్ద కుర్చీలో కంటే పార్కులో రోజూ తిరిగే అధికారి దగ్గరే ఎక్కువ కనపడుతుంది. ఐస్నర్ మీద తిరుగుబాటు చేసింది వాల్ట్ డిస్నీ అన్న కొడుకు రాయ్ డిస్నీ. 2004 మార్చిలో వాటాదారుల ఓట్లలో 43 శాతం ఐస్నర్‌కు మద్దతివ్వకుండా ఆగిపోయాయి. ఆ మరుసటి ఏడాది ఆయన వెళ్ళిపోయాడు. గోల అనుకున్నది ఓట్ల దాకా వెళ్ళింది.

అమెరికాలోనే పార్కులు నడిపే సిక్స్ ఫ్లాగ్స్, సెడార్ ఫెయిర్ సంస్థలు 2024 జూలైలో ఒకటై 42 పార్కులు నెత్తికెత్తుకుంటే అక్కడా ఇదే రగడ. అప్పు కొండంత. 2025 నవంబరులో వాషింగ్టన్ దగ్గరి పార్కుకు తాళం పడింది. చిన్నప్పటి నుంచి అభిమానినంటూ ఒక అమెరికన్ ఫుట్‌బాల్ తార కొందరు మదుపరులతో కలిసి వాటా కొన్నాడు. అభిమానం వాటాగా మారితే మాట చెల్లుతుంది. టికెట్ కొన్నవాడి మాట చెల్లడానికే దారి లేదు.

మన దేశంలో ఈ వ్యాపారం ఇంకా చిన్నదే అయినా రెండు దారులూ కనపడుతున్నాయి. ముంబై, పుణె రహదారి పక్కన ఖోపోలీలో 2013లో తెరిచిన ఇమాజికా మొదటి నుంచీ అప్పుల భారంతోనే నడిచింది. జనం బాగుందన్నారు, వచ్చిన డబ్బు వడ్డీలకే చాల్లేదు. చివరికి 2022లో మల్పానీ గ్రూపు చేతికి వెళ్ళింది. వండర్‌లా దారి వేరు. 2000లో కొచ్చిలో మొదలుపెట్టి, 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాద్, 2024లో భువనేశ్వర్, 2025 చివరలో చెన్నై. కొన్ని రైడ్లను సొంతంగా తయారు చేసుకుంటుంది, అప్పు జోలికి పెద్దగా పోదు. అయితే ఉన్న పార్కులకు మెరుగులు దిద్దాలా, కొత్త ఊళ్ళకు వెళ్ళాలా అన్న ప్రశ్న దానికీ తప్పదు. టికెట్ మీద 18 శాతం జీఎస్టీ కడుతున్న మధ్యతరగతి కుటుంబానికి ఆ ప్రశ్న అడిగే హక్కూ ఉంది.

భువనేశ్వర్ అంటే మనకు దూరం కాదు. ఇచ్ఛాపురం వాళ్ళకు విశాఖ కంటే అదే దగ్గర. పలాస, కాశీబుగ్గ నుంచి పిల్లల్ని తీసుకుని రైలెక్కుతున్నారు. ఇంత మంది సరిహద్దు దాటి వెళ్తుంటే మన దగ్గరే ఒకటి పెట్టించవచ్చు కదా అన్న మాట సహజంగానే వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి తీరం వెంబడి రిసార్టులు, పార్కులు అంటూ ఊహలు పరుగెడుతున్నాయి. రానీయండి, సంతోషమే. ఆ విమానాశ్రయం కోసం ఇళ్ళూ పొలాలూ వదులుకున్న కుటుంబాల నేల ఇది. ఇక్కడ వినోదానికి ఇచ్చే ప్రతి ఎకరానికీ జవాబు చెప్పాల్సి ఉంటుంది.

అసలు మన అలవాట్లేమిటో కూడా చూసుకోవాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానును హుకుంపేటలో సిద్ధం చేస్తుంటే పట్నమంతా వెళ్ళి చూసి వస్తుంది. చింతమాను పొడవెంత, ఏ ఊరి తోటలో దొరికింది అని ఇంటింటా మాట్లాడుకుంటారు. మరి ఏ ఊరి తీర్థంలోనైనా, ఏ అమ్మవారి సంబరంలోనైనా జెయింట్ వీల్ కిందకు వంగి చూసినవాళ్ళు ఎందరు? చూస్తే మెత్తటి నేల మీద చెక్కముక్కలు పేర్చి, వాటి మీద నిలబెట్టిన ఇనప కాళ్ళు కనపడవచ్చు. తొట్టి తలుపుకు పిన్ను ఊడిపోయిన చోట మెలితిప్పిన కట్టుతీగ కనపడవచ్చు. జనం ఎక్కువైతే ఇద్దరి తొట్టిలో నలుగుర్ని కుక్కే కుర్రాడు కనపడతాడు. పోలీసులు, అగ్నిమాపక శాఖ, విద్యుత్ శాఖ ఇచ్చిన అనుమతులు ఎక్కడో ఫైల్లో ఉంటాయి. టికెట్ కొన్న తండ్రి చూసే చోట ఉండవు. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో 27 మంది కాలిపోయాక గానీ, అది అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం లేకుండానే నడుస్తోందని దేశానికి తెలియలేదు.

మున్సిపల్ పార్కులు సరేసరి. శిలాఫలకం మీద పేర్లు మెరుస్తుంటాయి. జారుడుబల్ల అడుగు తుప్పు పట్టి చిల్లు పడి ఉంటుంది. ఉయ్యాలకు గొలుసు ఒక్క వైపే ఉంటుంది. అడిగితే ‘మెయింటెనెన్స్‌కు బడ్జెట్ లేదండీ’ అన్న జవాబు నోటి చివరే సిద్ధం. కొత్తది కట్టడానికి టెండరు ఉంటుంది, బిల్లు ఉంటుంది, రిబ్బను కత్తిరించడానికి పెద్దలుంటారు. గ్రీజు పూయడానికి రిబ్బను ఉండదు.

అందుకే డిస్నీ అభిమానుల చాదస్తం మాకు ముద్దొస్తోంది. వాళ్ళలోనూ లోపాలున్నాయి. చిన్నప్పుడు చూసినదే గొప్ప, ఏది మార్చినా అపచారం అనేవాళ్ళకు కొదవ లేదు. ఒక్క మనిషి మీద కోపం పెంచుకుని లెక్కలు వదిలేసేవాళ్ళు అంతకంటే ఎక్కువ. అయినా తమ డబ్బు ఎటు పోతోందో వెంటపడి అడుగుతున్నారు. మన కుర్రాళ్ళు ఐగర్ గురించి వాదించే ఉత్సాహంలో పావు వంతు తమ మున్సిపాలిటీ పార్కు బడ్జెట్ మీద చూపిస్తే, సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు పెడితే, చాలామంది అధికారులకు టెన్షన్ పట్టుకుంటుంది.

మా వరకు అడిగేవి ఎక్కువేమీ లేవు. వచ్చే పండగ సీజన్‌లో ఎగ్జిబిషన్ స్థలానికి వేలం పెట్టేటప్పుడు, ఎవరు ఎక్కువ పాడితే వారికి అన్న ఒక్క షరతుతో సరిపెట్టవద్దు. ప్రతి రైడును ఏ తేదీన, ఏ హోదా ఇంజినీరు పరీక్షించాడో టికెట్ కౌంటరు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో కట్టించాలి. తొట్టిలో ఎందరు కూర్చోవచ్చునో తొట్టి మీదే రాయించాలి. ఊపే రైడ్ల దగ్గర సీటు కడ్డీ పడ్డాక దాన్ని చేత్తో లాగి చూసే మనిషి తప్పనిసరిగా ఉండాలి. ఆ మనిషికి రోజు కూలీ చేతిలో పెట్టి సరిపుచ్చితే కుదరదు, శిక్షణ ఇవ్వాలి.

పెద్ద పార్కు నిజంగానే వస్తే, భూమి ఇచ్చే లీజు పత్రంలోనే ఏటా రాబడిలో ఇంత శాతం మరమ్మతులకు, భద్రతకు పెట్టాలని, ఆ లెక్క ఏడాదికోసారి జనం ముందు పెట్టాలని రాయించుకోవాలి. ఉద్యోగాల హామీ పక్కనే ఈ వాక్యం కూడా ఉండాలి. ఈ వ్యాపారంలో కంపెనీలు చేతులు మారడం మామూలు. అమ్మినవాడు ఇచ్చిన మాట కొన్నవాడికి కూడా వర్తిస్తుందని ఇప్పుడే రాయించుకోకపోతే, ఆ తర్వాత జిల్లా అధికారులు కోర్టు వరండాల్లో నిలబడి వాదించుకోవాల్సి వస్తుంది.