ఒళ్లు పులిసిందంటే ఏం పులిసింది?

మొన్న మా చిన్నాన్న కూతురి పెళ్లిలో మళ్లీ అదే ప్రశ్న. "ఏమ్మా, పీఈటీ పోస్టులు ఎప్పుడు పడతాయంట?" అని మా పెద్దమ్మ. నేను స్పోర్ట్స్ సైన్స్‌లో ఎమ్మెస్సీ పూర్తి చేసి మూడేళ్లయింది. ఆమె లెక్కలో మాత్రం నేను మెడలో విజిల్ వేసుకుని పిల్లల్ని లైన్లో నిలబెట్టే రోజు కోసం ఎదురుచూస్తున్న నిరుద్యోగిని.

పీఈటీలంటే నాకు చిన్నచూపేమీ లేదు. ఖోఖో నేర్పి నన్ను రాష్ట్రస్థాయి దాకా తీసుకెళ్లింది మా హైస్కూల్ పీఈటీ సారే. కానీ ఆ చదువు వేరు, ఇది వేరు. పీఈటీ కావడానికి చదివే బీపీఎడ్ కోసం పీఈసెట్ అనే ప్రవేశపరీక్ష "రాశాను" అంటాం గానీ అందులో రాసేదేమీ ఉండదు. వంద మీటర్లు పరిగెత్తాలి, గుండు విసరాలి, దూకాలి. ఆట నేర్పే టీచర్లకి అది సబబే. శ్రమ చేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చదివే మా కోర్సుకి కావలసింది బైపీసీ బుర్ర, కాస్త లెక్కల ఓపిక.

ఈ సంగతి నాక్కూడా చేరాకే తెలిసింది. మొదటి నెలలోనే ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కించి, ముక్కూ నోరూ మూసేలా మాస్క్ బిగించారు. నిమిషం నిమిషానికీ ఏటవాలు పెంచుతూ పోతారు. మాట్లాడే వీల్లేదు, ఎదురుగా గోడ మీద చార్టులో ఎంత కష్టంగా ఉందో వేలితో చూపించాలి. అంకెలు 6 నుంచి 20 వరకు. ఒకటి నుంచి ఎందుకు లేవంటే, ఆ స్కేలు తయారుచేసిన స్వీడన్ శాస్త్రవేత్త గన్నార్ బోర్గ్ దాన్ని గుండె వేగంతో ముడిపెట్టాడు. 6 అంటే నిమిషానికి దాదాపు 60 సార్లు, 20 అంటే 200. కళ్లు బైర్లు కమ్ముతుంటే 19 మీద వేలు పెట్టి దిగిపోయాను. నా వీఓటూ మ్యాక్స్ 41. అంటే ఒళ్లు పూర్తిగా కష్టపడినప్పుడు కిలో బరువుకి నిమిషానికి 41 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదన్నమాట. జన్మలో ఏ ఆటా ఆడని, రోజూ సైకిల్ మీద కాలేజీకొచ్చే నా క్లాస్‌మేట్‌కి 46 వచ్చింది. నా ఖోఖో సర్టిఫికెట్ల ఫైలు ఆ రోజు సూట్‌కేస్ అడుక్కి పోయింది.

ఇక మా యూనివర్సిటీ సంగతి. బ్రోషర్ నిండా పతకాలు కొరుకుతున్న క్రీడాకారుల ఫొటోలు. లోపల చూస్తే, ఊపిరి కొలిచే ఆ మెషిన్‌ని సరిచూసుకునే గ్యాస్ సిలిండర్ అయిపోతే కొత్తది రావడానికి ఒక సెమిస్టర్ పట్టింది. అన్నాళ్లూ మెషిన్ మీద దుప్పటి, మా రికార్డుల్లో సీనియర్ల గ్రాఫులు. ఫొటోలు చూసి చేరినవాళ్లలో సగం మంది బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ దగ్గరే జారుకున్నారు. వాళ్లనేం అనగలం, ఆటల కోర్సని చెప్పి చేర్చుకున్నది వీళ్లే కదా.

నా కడుపుమంట కూడా అక్కడే. ఈ సబ్జెక్టుని పతకాలకి కట్టేసి, మామూలు మనుషుల ఒంటికి దూరం చేశారు.

మనం రోజూ అనే మాటే తీసుకోండి, "ఒళ్లు పులిసింది" అని. పెరుగుని పులియబెట్టేది ల్యాక్టిక్ ఆమ్లం, పరిగెత్తితే కండరాల్లో తయారయ్యేదీ అదేనని స్కూల్లో చదువుకున్నాం. ఇంకేం, లెక్క సరిపోయిందనుకున్నాం. సరిపోలేదు! పరుగు ఆపిన గంటకి అటూ ఇటూగా రక్తంలో ల్యాక్టేట్ మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పేమో మర్నాడు మొదలై రెండోరోజుకి ముదురుతుంది. ఆ నొప్పి, కండరం సాగుతూ బరువు ఆపినప్పుడు పోగుల్లో వచ్చే చిన్న చిన్న దెబ్బల వల్ల. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, నడిచి దిగి వచ్చినవాళ్లకేమో, తొడ కండరాలు సాగుతూ ఒంటి బరువు ఆపాలి కాబట్టి, మర్నాడు తొడలు పట్టేస్తాయి. ఇది తెలిశాక మా అమ్మ అలిపిరి దాకా బస్సులో దిగుతోంది.

ఈ శాస్త్రానికి పెద్ద మలుపు కూడా స్టేడియంలో రాలేదు, సిటీ బస్సులో వచ్చింది. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సు ఉద్యోగుల గుండె జబ్బుల లెక్కలు బయటపెట్టింది. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లలో ఆ జబ్బులు తక్కువ. ఆర్టీసీ బస్సుల్లో అరవై ఏళ్లుగా తిరుగుతున్న మనకి ఈ ముక్క ఎవరైనా చెప్పారా?

పోనీ పరుగు తప్పనిసరైన చోటైనా మమ్మల్ని పిలుస్తారా అంటే అదీ లేదు. తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్లలో అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఆ నోటిఫికేషన్ కోసం మా ఊరి గ్రౌండ్‌లో తెల్లారి అయిదింటికే గుంపు ఉంటుంది. ఓ కోచింగ్ సారు "నీళ్లు తాగితే కడుపు బరువెక్కుద్ది" అంటూ బాటిళ్లు గేటు దగ్గరే పెట్టించేస్తాడు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల 10 కిలోమీటర్ల పరుగులో పది మందికి పైగా పిల్లలు చనిపోయారు. కారణాల మీద వాదనలు జరిగాయి, జరగనివ్వండి. కానీ ఎండలో శ్రమకి ఒళ్లు అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు మెల్లగా పెంచుకుంటూ పోవాలని మాకు మొదటి ఏడాదిలోనే చెప్తారు. అది తెలిసిన మనిషి ఒక్కరు ఆ గ్రౌండ్‌లో ఉంటే పోయేదేముంది?

సరే, పెద్దమ్మ దగ్గరికొస్తా. మోకాళ్ల నొప్పులు, సుగర్, 67 ఏళ్లు. భోజనాలకి ఇంకా టైముందని ఒక కుర్చీ గోడకి ఆనించి కూర్చోబెట్టాను. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటుందో చూడాలి. ఆ వయసు ఆడవాళ్లలో 11 కంటే తగ్గితే కాళ్లలో బలం తక్కువున్నట్టు, పడిపోయే భయమూ ఎక్కువే. చుట్టూ పిల్లలు చేరి గట్టిగా లెక్కపెట్టారు. ఎనిమిది.

"అది పట్టుచీర వల్లే," అంది పెద్దమ్మ ఒగరుస్తూ. "రేపు నైటీలో చేస్తా, అప్పుడు లెక్కపెట్టు."